వేసవి సమావేశానికి ఎవరొస్తారు?



తెలుగు రచయితల క్యాలెండరూ బడిపిల్లల క్యాలెండరూ ఒకటేనని నాకు చాలాకాలంగా గట్టి నమ్మకం. ఏప్రిల్లో ఆఖరి పరీక్ష రాసి పిల్లలు అట్టలు ఎగరేసుకుంటూ ఇళ్ళకు పరిగెత్తుతారో లేదో, ఇటు ఆహ్వాన పత్రాలు బయల్దేరతాయి. ఒకచోట కథా కార్యశాల, ఒకచోట కవి సమ్మేళనం, ఇంకోచోట బాలసాహిత్య శిబిరం. ఎండలు ముదురుతున్నాయి, ఇప్పుడెందుకండీ అని ఎవరూ అనరు. అనడానికి లేదు. మన భాషలో కలం పట్టినవాళ్ళలో పంతుళ్ళకు కొదవలేదు కాబట్టి, పంతుళ్ళకు తీరిక దొరికినప్పుడే సాహిత్యానికీ తీరిక. కాళీపట్నం రామారావు గారు విశాఖపట్నంలో లెక్కల మేష్టారు. మధురాంతకం రాజారాం గారు చిత్తూరు జిల్లా బళ్ళలో పాఠాలు చెప్పారు. కాంతం కథలు రాసిన మునిమాణిక్యం నరసింహారావు గారిదీ బడిపంతులు ఉద్యోగమే. విశ్వనాథ సత్యనారాయణ గారు మన బెజవాడ ఎస్సారార్ కాలేజీలో తెలుగు చెప్పారు. ఆయనకు బందరు హైస్కూల్లో పాఠం చెప్పినవారు చెళ్ళపిళ్ళ వెంకటశాస్త్రి గారు. ఆ వరసకు అట్టడుగున, జిల్లాపరిషత్తు బళ్ళలో చాక్‌పీసు పట్టుకుని నాలుగు కథలు రాసుకున్న నాలాంటివాళ్ళం ఉన్నాం.

సముద్రాలు దాటినా ఈ అలవాటు పోలేదు. అమెరికాలో మనవాళ్ళు తానా సభలు జూలై 4 సెలవుల చుట్టూ పెట్టుకుంటారు. సెలవుంటేనే సభ.

మన కృష్ణా డెల్టాలో వేసవికి ఇంకో సౌకర్యం కూడా ఉంది. దాళ్వా వరి వేసినచోట కోతలైపోతాయి. మినుము చల్లినచోట అంతకుముందే నూర్చి బస్తాలకెత్తేసి ఉంటారు. పదమూడు లక్షల ఎకరాల ఆయకట్టులో చాలాభాగం నెర్రెలిచ్చి ఖాళీగా పడి ఉంటుంది. బడి భవనం ఖాళీ. బెంచీలున్నాయి, నల్లబల్ల ఉంది, మధ్యాహ్న భోజనం వండే గిన్నెలున్నాయి. హెడ్మాస్టరు కాస్త సాహిత్యం వాసన తగిలిన మనిషైతే కరెంటు బిల్లు కూడా అడగడు. కల్యాణ మండపం అద్దెకు తీసుకునే తాహతు మన సాహిత్య సంస్థలకు ఎక్కడిది? అందులోనూ అవి పెళ్ళి ముహూర్తాల రోజులు.

ఇది నిన్నమొన్నటి అలవాటేం కాదు. 1914 ఏప్రిల్ 10న బెజవాడ రామమోహన గ్రంథాలయంలో ఆంధ్రదేశపు గ్రంథాలయాల ప్రతినిధులు సమావేశమయ్యారు. అయ్యంకి వెంకటరమణయ్య గారి పూనిక. చిలకమర్తి లక్ష్మీనరసింహం గారి అధ్యక్షత. ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం అక్కడే పుట్టింది. ఫ్యాన్లు లేని రోజుల్లో, ఏప్రిల్ బెజవాడలో, అంగవస్త్రాలతో విసురుకుంటూ కూర్చుని ఉంటారు పాపం. నన్ను ఆకట్టుకునే సంగతి ఏమిటంటే, అది రచయితల సభ కాదు. పుస్తకం చదివించేవాళ్ళ సభ, చదివేవాళ్ళ సభ. పెద్ద రచయితను తీసుకొచ్చి వాళ్ళ మధ్య కూర్చోబెట్టారు. తర్వాత 1935లో పాతూరి నాగభూషణం గారు పెదవడ్లపూడి నుంచి కొల్లూరు దాకా కాలువ మీద పుస్తకాల పడవ నడిపించారంటే, ఆ ఉద్యమం చూపు ఎటువైపుండేదో తెలుస్తుంది. పుస్తకం రేవు దాకా పోవాలి, రేవులో ఉన్నవాడి చేతికందాలి అన్నది వాళ్ళ పట్టుదల.

1937 మే నెలలో ఒంగోలు దగ్గర కొత్తపట్నం సముద్రపు ఒడ్డున రాజకీయ, ఆర్థిక విషయాల మీద వేసవి పాఠశాల పెడితే అప్పటి ప్రభుత్వం నిషేధించింది. పోలీసులు లాఠీలకు పనిచెప్పారు. వేసవి పాఠశాల అంటే ఏలినవారికి అంత దడ. ఇప్పుడు మా సమావేశాల ఛాయలకు ఏ పోలీసూ రాడు. మైకు పర్మిషన్ కోసం మేమే స్టేషన్ చుట్టూ తిరగాలి.

పెద్ద సభల దారి వేరు. వాటికి జనం కావాలి, జనానికి చల్లటి రోజులు కావాలి. అభ్యుదయ రచయితల సంఘం మొదటి మహాసభ 1943లో తాపీ ధర్మారావు గారి అధ్యక్షతన తెనాలిలో జరిగింది. అది ఫిబ్రవరి. మన విజయవాడలో 2007లో మొదలైన ప్రపంచ తెలుగు రచయితల మహాసభలు ఈమధ్య 2019లోనూ, 2022లోనూ, 2024లోనూ డిసెంబరు ఆఖర్లోనే పెట్టారు. దేశం నలుమూలల నుంచీ వచ్చినవాళ్ళను మే నెలలో బందరు రోడ్డు మీద నడిపిస్తే మళ్ళీ జన్మలో తెలుగు జోలికి రారని నిర్వాహకులకు బాగా తెలుసు. ఆ సభలు జరగాలి. ఎన్నాళ్ళుగానో ఉత్తరాల్లో, ఫోన్లలో తెలిసిన మనుషుల్ని కళ్ళారా చూసుకునేది అక్కడే. కాని అక్కడ కథ చదవడం కుదరదు. కథ గురించి మాట్లాడటం కుదురుతుంది, అదైనా అయిదు నిమిషాలు. నాలుగో నిమిషంలో చీటీ వస్తుంది.

అందుకని నా మొగ్గు చిన్న సమావేశాలకే. అవి వేసవిలోనే దొరుకుతాయి.

కిందటి వేసవిలో వెళ్ళిన సమావేశం గురించి చెబుతాను. బెజవాడ నుంచి బందరు రోడ్డు పట్టుకుని పెనమలూరు దాటి పోతే, కాలువ పక్కన ఒక పల్లె, అందులో హైస్కూలు. మూడు రోజుల సమావేశం, నలభై మందికి లోపు. కృత్తిక కార్తె వెళ్ళిపోతూ రోహిణి రాబోతున్న రోజులు. రోళ్ళు పగిలే ఎండలంటారే, వాటికి ముందు మాట అన్నమాట. నిర్వాహకులు ఒక మంచిపని చేశారు. పొద్దున ఆరింటికి కూర్చుంటే పదిన్నరకు లేపేశారు. మళ్ళీ సాయంత్రం అయిదింటికే. మధ్యలో ఎవరి చాప వాళ్ళది, ఎవరి విసనకర్ర వాళ్ళది. శాలువాలు లేవు, జ్ఞాపికలు లేవు, జ్యోతి ప్రజ్వలన లేదు. ఆ ఎండలో వేరే జ్యోతి ఎందుకు లెండి. ప్రతివాళ్ళూ ఇంకా అచ్చుకాని కథ ఒకటి తెచ్చుకోవాలి, తామే చదవాలి, చదివాక పావుగంట నోరు మూసుకుని మిగతావాళ్ళు చెప్పేది వినాలి. సంజాయిషీ చెప్పకూడదు. రచయితలకు దీన్ని మించిన శిక్ష ఉండదు. ఇక ఎండ మాటకొస్తే, బెజవాడ కొండల మధ్య నుంచి వచ్చినవాళ్ళు "ఇక్కడెంత హాయిగా ఉందండీ" అని మురిసిపోయారు. అప్పుడు అక్కడ నలభై మూడు డిగ్రీలు.

రెండో రోజు పొద్దున ఒక కుర్రాడు కథ చదివాడు. హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, పెరిగింది ఉయ్యూరు వైపు. చెయ్యి తిరిగిన రాతే. వేసవి సెలవులకు అమ్మమ్మగారింటికి వచ్చిన పిల్లలు, మిట్టమధ్యాహ్నం, నిండుగా పారుతున్న బందరు కాలువ. వంతెన పిట్టగోడ మీద కాళ్ళు కాలుతుంటే గబుక్కున నీళ్ళలోకి దూకడం, దూకాక చెవుల్లో ఆ గుబగుబ, పైకి తేలేసరికి ఒంటికి చుట్టుకున్న గుర్రపుడెక్క వేర్లు. చదవడమూ బాగా చదివాడు. అందరం తలలూపాం. ఒకాయన బాల్యం తాలూకు స్మృతి అన్నాడు. ఒకాయన శిల్పం అన్నాడు. ఇంకొకాయన కాలువని కాలానికి ప్రతీకగా తీసుకోవచ్చన్నాడు. అలా తీసుకోవడం మొదలుపెడితే ఇక ఎక్కడా ఆగదు.

గది వెనక కిటికీ దగ్గర కుండలో నీళ్ళు పోస్తున్న ఒక పెద్దాయన ఉన్నాడు. మాకు భోజనాలు వండుతున్నవాళ్ళకు బంధువు, సాయానికి వచ్చాడు. కాలువ మీద లస్కరుగా చేసి రిటైరైన మనిషి. లాకుల దగ్గరా, తూముల దగ్గరా షట్టర్లు ఎత్తడం, దించడం, గట్టు వెంట తిరగడం, గండి పడితే ముందుగా చూసి కబురు చెయ్యడం, జీవితమంతా అదే పని. ఆయన బిందె కింద పెట్టి, "బాబూ, ఒక్క మాట అడగొచ్చాండీ?" అన్నాడు.

"అడగండి తాతగారూ."

"మీ కతలో అది ఏ నెలండీ?"

"మే నెలండీ. పిల్లలకు సెలవులు కదా."

"మే నెల్లో వంతెన మీంచి దూకితే తల పగులుద్దండీ. నీళ్ళెక్కడియ్యి? కాలవ కట్టేసి అప్పటికి నెల దాటుద్ది. అడుగున తూటికాడ ఎండిపోయి ఉంటది, పూడిక తీసే మిషన్లు తిరుగుతా ఉంటయ్."

గది గొల్లుమంది. కుర్రాడి ముఖం ఎర్రబడింది. సంజాయిషీ చెప్పకూడదన్న నియమం మర్చిపోయి, "లేదు తాతగారూ, నేను దూకాను. నాకు బాగా గుర్తుంది. సెలవుల్లోనే, మామిడిపళ్ళ రోజుల్లోనే" అన్నాడు.

పెద్దాయన నవ్వలేదు. ఆలోచించాడు. "దూకే ఉంటార్లెండి. అబద్ధమని నేననట్లా. అయితే అయ్యి మంచినీళ్ళకి వదిలిన రోజులై ఉంటయ్. ఎండాకాలం ఊళ్ళ చెరువులు నింపటానికి కాసిని నీళ్ళు వదుల్తారు. వారమో, పది రోజులో. కింద ఊళ్ళకి చేరేదాకా మాకు నిద్దరుండదు. పై ఊళ్ళోళ్ళు మోటార్లు పెట్టి తోడేసుకుంటారని రాత్రిళ్ళు గట్టు మీద టార్చిలైటేసుకుని తిరిగేవోళ్ళం. మళ్ళీ షట్టరు దించామంటే రెండో రోజుకి మోకాటిలోతు. మూడోరోజు బురద. మీరు దూకింది ఆ వారంలో అయ్యుంటది."

ఆ మాటతో కథ అడ్డం తిరిగింది. శిల్పం, ప్రతీక, స్మృతి అన్న మేమెవ్వరం పట్టుకోలేకపోయినదాన్ని ఆయన చేతిలో పెట్టాడు. అప్పటిదాకా ఆ కథలో సంతోషం ఉంది కాని, పోయేదేమీ లేదు. పిల్లలు దూకుతారు, ఈదుతారు, ఇంటికెళ్ళి అన్నం తింటారు. ఎన్ని పేజీలైనా దూకుతూనే ఉండొచ్చు. ఇప్పుడు ఆ నీళ్ళకు గడువొచ్చింది. పిల్లలకు ఆ సంగతి తెలుసా, తెలియదా? అమ్మమ్మకు తెలుసు కదా, ఎందుకు చెప్పలేదు? పగలు ఈ పిల్లలు ఆడే నీళ్ళ కోసం రాత్రి ఒక మనిషి టార్చిలైటు పట్టుకుని గట్టు మీద ఎందుకు తిరుగుతున్నాడు? కింద ఊరి చెరువులో ఎన్ని మెట్లు తేలి ఉన్నాయి? ఇన్ని ప్రశ్నలు ఒక్కసారిగా గదిలోకి వచ్చి కూర్చున్నాయి.

ఇక్కడొక సంగతి చెప్పాలి. ఆ గదిలో ఉన్నవాళ్ళలో చాలామంది డెల్టా మనుషులే. మే నెలలో కాలువ ఎలా ఉంటుందో తెలియనివాళ్ళు తక్కువ. మేము వచ్చిన దారిలోనే ఎండిపోయిన కాలువ పొడుగునా కనిపించింది. అయినా కథ వింటుంటే ఎవరికీ అనుమానం రాలేదు. ఎందుకంటే తెలుగు కథలో కాలువ ఎప్పుడూ నిండుగానే పారుతుంది. కథల్లో వెన్నెల ఎప్పుడూ పిండారబోసినట్టే ఉంటుంది, అమ్మమ్మలందరూ ముద్దలు కలిపే పెడతారు. రాసేవాళ్ళం, రాసినవి చదివేవాళ్ళం మేమే కాబట్టి ఒకళ్ళ కాలువ ఒకళ్ళం నమ్ముతూ పోతాం. లస్కరు అసలు కాలువకి అలవాటుపడ్డవాడు. 1855లో కట్టిన పాత ఆనకట్ట స్థానంలో 1957లో ప్రకాశం బ్యారేజి వచ్చినా, ఇటీవల పట్టిసీమ నుంచి గోదావరి నీళ్ళు వచ్చి కలుస్తున్నా, ఆయన లెక్క ఒకటే: ఎప్పుడు వదిలారు, ఎప్పుడు కట్టారు, గేజి ఎంత చూపిస్తోంది. కాలువ రాసుకున్న దినచర్య ఏదైనా ఉంటే అది ఆ మనిషి నోట్లో ఉంది.

ఆ కుర్రాడు మధ్యాహ్నం పడుకోలేదు. స్టాఫ్ రూములో కూర్చుని రాశాడు, మధ్యమధ్య వంటశాలలోకి వెళ్ళి పెద్దాయనను ఏదో అడిగి వచ్చాడు. మూడో రోజు పొద్దున మళ్ళీ చదివాడు. వంతెన అదే, దూకుడూ అదే. కాని ఈసారి ఒక పిల్ల రోజూ సాయంత్రం రేవు మెట్టు మీద బొగ్గుతో నీటిమట్టం గీత గీస్తుంది. అంతవరకే చెబుతాను. కథ పత్రికకు వెళ్ళింది, అచ్చులో చూసుకోండి.

ఆ పెద్దాయనను మజ్జిగ తాగుతున్నప్పుడు పలకరించాను. కథ అంత శ్రద్ధగా ఎలా విన్నారండీ అంటే, "చదివింది తక్కువేనండీ మేడంగారూ. వినటం ఎక్కువ" అన్నాడు. లాకుల దగ్గర డ్యూటీ అంటే ఒంటరి డ్యూటీ. ట్రాన్సిస్టరు ఉండేదట. ఆదివారం మధ్యాహ్నం ఉషశ్రీ గారి పురాణం వచ్చే వేళకు గట్టు మీద గొడ్లు కాసేవాళ్ళూ, చేపలు పట్టేవాళ్ళూ వచ్చి చుట్టూ కూర్చునేవాళ్ళట. "ఆయన ఆగినచోట మేమూ ఆగేవోళ్ళమండీ" అన్నాడు.

1948 డిసెంబరు 1న ఈ విజయవాడ రేడియో కేంద్రం మొదలైనప్పటి నుంచి మన రచయితలకు ఇదొక పెద్ద బడి. కంటికి రాసే వాక్యం వేరు, చెవికి రాసే వాక్యం వేరు. నోటితో చదివితే ఊపిరి ఎక్కడ అందదో అక్కడ వాక్యం సన్నగిల్లిందని తెలిసిపోతుంది. కాని దానికంటే పెద్ద లాభం ఇంకొకటుంది. సభలో మాట్లాడేటప్పుడు ఎదురుగా ఎవరున్నారో కనిపిస్తుంది, వాళ్ళకు నచ్చేటట్టు మాట తిరుగుతుంది. ఈ పున్నమ్మతోట స్టూడియోలో నా ఎదురుగా మైకు తప్ప ఎవరూ లేరు. మీరు ఎవరో నాకు తెలియదు. మీలో ఎవరైనా లస్కరు అయ్యుండొచ్చు. అందుకే ఇందాక నీళ్ళు కట్టేసే రోజుల గురించి చెప్పేటప్పుడు కాస్త భయపడుతూనే చెప్పాను.

ఆ లస్కరు మాకు నీళ్ళు పోసిన సంగతి తలుచుకుంటే ఇంకో వేసవి సమావేశం గుర్తొస్తుంది. అమెరికాలో వెర్మాంట్ కొండల్లో బ్రెడ్ లోఫ్ అని ఒక చోటుంది. 1926 నుంచి అక్కడ వేసవిలో రచయితల సమావేశం జరుగుతోంది. రాబర్ట్ ఫ్రాస్ట్ ఏళ్ళతరబడి వెళ్ళేవాడు. అక్కడ చాలాకాలం ఒక పద్ధతి నడిచింది. కుర్ర రచయితల్లో కొందరిని ఖర్చులు లేకుండా రానిచ్చి, అందుకు బదులుగా భోజనాల దగ్గర వడ్డన చేయించేవాళ్ళు. అది చిన్నతనంగా భావించేవాళ్ళు కాదట, పైగా గొప్పగా చెప్పుకునేవాళ్ళు. తర్వాత మానేశారు. వినడానికి ముచ్చటగానే ఉంది. కాని అక్కడ తినేవాడూ రచయితే, వడ్డించేవాడూ రచయితే. మా అదృష్టం కొద్దీ మాకు నీళ్ళు పోసినాయన రచయిత కాదు.

ఇక రానివాళ్ళ సంగతి. నలభై మందిలోపు అన్నాను కదా, అందులో ఆడవాళ్ళు పదిమందికి మించలేదు. మే నెల మరి. పంతుళ్ళకు సెలవులంటే పిల్లలకూ సెలవులే. పిల్లలకు సెలవులంటే ఇంట్లో అమ్మకు రెట్టింపు పని. పుట్టింటికొచ్చిన ఆడపడుచులు, పెళ్ళిళ్ళు, వీటన్నిటినీ మించి ఆవకాయ. పంతులుగారికి తీరిక దొరికే నెల పంతులుగారి భార్యకు ఊపిరాడని నెల. ఈ సంగతి తెలుగు సాహిత్య చరిత్రలో ఎవరైనా రాశారేమో నేను చూడలేదు.

గుడివాడ నుంచి ఒకావిడ వచ్చింది. వచ్చే ముందురోజే ఊరగాయ కలిపి వచ్చింది. ఊరగాయ పెట్టడం మీలో చాలామందికి తెలిసిన పనే. పొద్దున్నే బజారుకెళ్ళి గట్టి కాయ, పుల్లటి కాయ, పీచున్న కాయ ఏరి, అక్కడే కత్తిపీట దగ్గర టెంకతో సహా ముక్కలు కొట్టించాలి. ఇంటికి తెచ్చి జీడి తీసి, లోపలి పొర గీకి, ఒక్కో ముక్కా పొడిగుడ్డతో తుడవాలి. తడి తగిలిందా, ఏడాదంతా అనుభవించాలి. ఆవపిండి, కారం, ఉప్పు పాళ్ళు చూసి, నూనెలో ముంచి జాడీకెత్తి వాసెన కట్టాలి. మూడో రోజు విప్పి తిరగ కలిపి, ఉప్పు చూసి, నూనె తేలకపోతే మళ్ళీ పొయ్యాలి.

ఆ మూడో రోజు దగ్గరే చిక్కు వచ్చింది. కార్యక్రమ పత్రంలో ఆడవాళ్ళ కథలన్నీ ఆఖరి రోజు వేశారు. ఎందుకంటే ఎవరికీ తెలియదు, ఎప్పుడూ అలాగే వేస్తారు. ఆవిడ రెండో రోజు రాత్రి బస్సుకు వెళ్ళిపోతానంది. "మా ఇంట్లో జాడీ మీద ఇంకొకళ్ళ చెయ్యి పడదండీ, నేను వెళ్ళి తిరగ కలపాలి" అంది. నిర్వాహకుల్లో ఒకాయన, మంచివాడే, నవ్వుతూ, "ఊరగాయ కోసం సాహిత్యం వదులుకుంటారా అమ్మా?" అన్నాడు.

ఆవిడ తడుముకోలేదు. "రాత్రి మీరు మూడుసార్లు అడిగి వేయించుకున్నది ఏంటండీ, సాహిత్యమా?" అంది.

కొత్తావకాయ. ఆవిడే ఓ సీసాలో పోసి తెచ్చింది.

రెండో రోజు రాత్రి బస్సు వేళ దాకా డాబా మీద చాపలేసుకుని ఆవిడ కథ విన్నాం. ఒక ఇంట్లో ఆవకాయ జాడీలు ఏటేటా ఎలా తగ్గుతూ వచ్చాయో ఆ కథ. పిల్లలు ఒక్కొక్కరే విదేశాలు వెళ్ళిపోతారు. పెద్ద జాడీ పోయి చిన్న జాడీ వస్తుంది, జాడీ పోయి సీసా వస్తుంది. అత్తగారు మాత్రం పాత లెక్క ప్రకారమే కాయలు తెమ్మంటుంది. కొరియర్ ఆఫీసులో తూకం వేసేటప్పుడు పచ్చడి ఎంత, ప్యాకింగు ఎంత అని అడిగే సన్నివేశం ఒకటుంది, అది విని డాబా మీద కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత మాట్లాడినవాళ్ళూ పైపైనే మాట్లాడారు. ఆవపిండి పాళ్ళ దగ్గర ఆవిడ తప్పు రాసినా పట్టుకోగలిగే మగవాడు అక్కడ ఒక్కడూ లేడు. కాలువకి లస్కరు దొరికాడు. ఆవకాయకి దొరకలేదు. వంటచేసే ఆవిడ మెట్ల దగ్గర నిలబడి వింటోంది కాని, ఎంత పిలిచినా లోపలికి రాలేదు. గుడివాడ ఆవిడను బస్సెక్కించి తిరిగొచ్చాక నాతో మెల్లిగా అంది: "ఆ అత్తగారు చేసింది సబబేనండీ. కాయ తక్కువైతే ఊట దిగదు." ఆ ఒక్క మాట కథలోకి వెళ్ళుంటే ఎంత బాగుండేది. నేను ఫోన్లో చెప్పాను, గుడివాడ ఆవిడ రాసుకుంటానంది.

వంటింటి విద్య సాహిత్యం గుమ్మం బయటే ఉండాలన్న రూలు మనకేం లేదు. నూజివీడులో పుట్టిన మాలతీ చందూర్ గారు నవలలు రాశారు, హృదయనేత్రి నవలకు కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి అందుకున్నారు, ఆ చేత్తోనే వంటలు-పిండివంటలు పుస్తకమూ రాశారు. ఆ వంటల పుస్తకం పక్కన పెట్టుకుని సంసారం మొదలుపెట్టిన ఇళ్ళు ఎన్నో నాకు తెలుసు. అయినా మన సభల్లో వంట ప్రస్తావన రాగానే ఎవరో ఒకరు పొట్ట నిమురుకుని హాస్యమాడతారు. ఆ హాస్యం నాకు ఎన్నేళ్ళయినా మింగుడుపడటం లేదు.

ఈ వేసవికీ అక్కడే సమావేశం పెడదామంటున్నారు. నన్ను సలహా అడిగారు కాబట్టి చెప్పాను. కథలు వినడానికి రచయితలతోపాటు రాయనివాళ్ళను కూడా పిలవండి. కాలువ పని చేసినవాళ్ళు, బస్సు నడిపినవాళ్ళు, ఆసుపత్రిలో నర్సులు, మిర్చి యార్డులో ముఠా పనివాళ్ళు. వాళ్ళతో ఉపన్యాసాలు ఇప్పించొద్దు, కుర్చీ వేసి కథ వినిపించండి చాలు. కూలి పోగొట్టుకుని వచ్చేవాళ్ళకు ఆ రోజు కూలి ఇవ్వండి. శాలువాలు మానేశాం కాబట్టి ఆ డబ్బు ఎలాగూ మిగిలింది. పిల్లల్ని వెంటబెట్టుకొచ్చే తల్లులకు ఒక తరగతి గది వదిలెయ్యండి, మా రిటైర్డు టీచర్లం ఇద్దరం చూసుకుంటాం. ఆడవాళ్ళ కథలు ఆఖరి రోజు వెయ్యొద్దు. ఇవన్నీ ఒప్పుకున్నారు.

తేదీ దగ్గరే ఆగిపోయింది. మే నెల మూడో వారం అన్నారు. గుడివాడ ఆవిడకు ఫోన్ చేస్తే, "అప్పుడు కాయ పదునులో ఉంటుందండీ, నేను కదలను. జూన్ మొదటి వారమైతే వస్తా" అంది. సరే జూన్ అందామంటే, లస్కరుగారు కుదరదన్నాడు. ఆయన కొడుకు ఇప్పుడు రోజుకూలీ మీద అదే పని చేస్తున్నాడట. నీళ్ళొదిలే ముందు షట్టర్లకు గ్రీజు పెట్టాలి, గొలుసులు చూసుకోవాలి, కొడుక్కి తోడు తను ఉండాలట. ఏప్రిల్ ఆఖరంటే పంతుళ్ళకు పేపర్లు దిద్దే పని. హైదరాబాదు కుర్రాడు ఏ శని, ఆదివారాలైనా సరేనంటున్నాడు, అతనొక్కడితోనే ఏ పేచీ లేదు.

నిన్న సాయంత్రం మళ్ళీ ఫోన్లు మొదలయ్యాయి. ఇప్పటికైతే తేదీ తేలలేదు. తేలితే మీకూ చెబుతాను, మీలో కథ వినే ఓపికున్నవాళ్ళు తప్పకుండా రండి.